టాబ్లెట్ మానకుండా వేస్తున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు: ఉప్పు, వంట, వేళల్లో ఏం చూడాలి?

వేమగిరి వాసి
అందరికీ నమస్కారమండి. మా అమ్మగారికి 52 ఏళ్లు, బరువు 68 కిలోలు. హైపోథైరాయిడ్‌కి, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించినందుకు, లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ టాబ్లెట్ 75 మైక్రోగ్రాములు వాడుతున్నారు. ఒక్కరోజు కూడా మానరు. అయినా టీఎస్‌హెచ్ (మందు చాలుతోందో లేదో చెప్పే రక్తపరీక్ష అంకె, చాలకపోతే పెరుగుతుంది) 9 దగ్గరే ఉంటోంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ మాన్పించేశాం. ఇప్పుడు చుట్టాలు తలా ఒకటి చెబుతున్నారు: సైంధవ లవణానికి మారమని ఒకరు, కొబ్బరి నూనెతో వండమని ఒకరు, పొద్దున్నే రాగి జావ తాగమని ఇంకొకరు.

ప్రస్తుతం జరిగేది ఇదండీ. 6 గంటలకి థైరాయిడ్ టాబ్లెట్, దాంతోపాటే గ్యాస్ టాబ్లెట్. 6:15కి ఫిల్టర్ కాఫీ. 8కి టిఫిన్, అవ్వగానే కాల్షియం టాబ్లెట్. చేపలు, రొయ్యలు బాగానే తింటారు. దీంట్లో ఎక్కడ తేడా ఉందో చెప్పగలరా?

మందుల కొట్టు, అమలాపురం
తేడా కూరల్లో లేదండీ, పొద్దున 6 నుంచి 8 మధ్యలో ఉంది. మీరు రాసిన వేళల్లోనే మూడు దెబ్బలున్నాయి.

మొదటిది కాఫీ. ఖాళీ కడుపున నీళ్లతో వేసుకుంటేనే ఈ మందు చిన్నపేగులో బాగా ఎక్కుతుంది, అప్పుడు కూడా నూటికి 70, 80 పాళ్లే. కాఫీ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. పావుగంట ఎడం చాలదు, కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. పాలు కలిసిన కాఫీ అయితే పాలలోని కాల్షియం కూడా అడ్డే.

రెండోది కాల్షియం. కడుపులో మందుని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. ఐరన్ టాబ్లెట్లు, మల్టీవిటమిన్లు, గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్‌లు అన్నీ ఇదే పని చేస్తాయి. వీటికీ థైరాయిడ్ టాబ్లెట్‌కీ మధ్య 4 గంటలు ఉండాలి. 6కీ 8కీ మధ్య ఉన్నది రెండే. కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనంలోకి మార్చండి.

మూడోది గ్యాస్ టాబ్లెట్. దాని గురించి డాక్టరుగారెవరైనా రాస్తే మేలు, ఎందుకంటే వేళ మార్చినంత మాత్రాన అది తీరదు.

రాగి జావ కూడా ఈ వరసలోదే. రాగుల్లో కాల్షియం, పీచు రెండూ ఎక్కువ. ఆహారంగా మంచిదే, కానీ టాబ్లెట్ వెనకాలే తాగితే మందుకి అడ్డం పడుతుంది. 8 గంటలకి టిఫిన్‌గా తాగితే ఇబ్బంది లేదు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ వాడేవాళ్లు రాత్రికి పెట్టుకోవాలి.

ఇంకోటి, సీసా ఎక్కడ పెడుతున్నారు? పొయ్యి పక్క అలమరలోనో, ఎండ పడే కిటికీలోనో ఉంటే తీసేయండి. చాలా సీసాల మీద 25 లేదా 30 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. మే నెలలో మన వంటిళ్ల వేడి మీకు తెలిసిందే. తడి, వెలుతురు కూడా పడవు. వారానికి సరిపడా డబ్బాలో సర్దుకోకుండా సీసాలోనే ఉంచి మూత బిగించి, పడక గది బీరువాలో పెట్టండి.

వేమగిరి వాసి
సీసా ఫ్రిజ్ మీద ఉంటుందండీ.

మందుల కొట్టు, అమలాపురం
ఫ్రిజ్ పైభాగం వేడెక్కుతుంది. తీసేయండి. అలాగని ఫ్రిజ్ లోపల పెట్టకండి, తీసి పెట్టినప్పుడల్లా చెమ్మ పడుతుంది.

ఎండోక్రైన్ వార్డు, కాకినాడ
గ్యాస్ టాబ్లెట్ సంగతి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని రోజంతా అణచిపెడతాయి. లీవోథైరాక్సిన్ టాబ్లెట్ కరగాలంటే ఆ ఆమ్లం కావాలి. కాబట్టి ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం వేసుకున్నా సమస్య పూర్తిగా పోదు. చేయాల్సింది రెండే. ఆ గ్యాస్ టాబ్లెట్ అసలు అవసరమా అని రాసినవారినే అడగడం. ఏదో ఒక జ్వరానికి నొప్పి మాత్రలతో పాటు రాసిస్తే, దాన్ని ఏళ్ల తరబడి కొనుక్కుని వేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. నిజంగా అవసరమైతే, మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ డోసు సరిచేయించుకోవాలి.

డోసు కూడా ఒకసారి చూడండి. గ్రంథి పూర్తిగా పనిచేయనప్పుడు కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది. 68 కిలోలకి అది 109 దాకా వస్తుంది. మీ అమ్మగారి గ్రంథి కొంత పనిచేస్తుంటే 75 చాలవచ్చు, చాలకపోనూ వచ్చు. అంటే తిండిలో ఏ తప్పూ లేకుండానే టీఎస్‌హెచ్ 9 ఉండొచ్చు. కానీ ముందు వేళలు సరిచేయండి, తర్వాత డోసు. రెండూ ఒకేసారి మారిస్తే మందు ఎక్కువై గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 50 దాటిన ఆడవాళ్లలో ఎముకలు కూడా పలచబడతాయి.

వేళలు, డోసు అన్నీ సరిగా ఉండి కూడా దిగకపోతే అప్పుడు కడుపు, పేగుల జబ్బులకి పరీక్షలు చేస్తాం. అంతదాకా వెళ్లేవాళ్లు తక్కువ.

రక్తపరీక్ష, భీమవరం
పరీక్ష వైపు నుంచి నాలుగు మాటలు.

ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. అందుకే వేళ మార్చినా డోసు మార్చినా 6 వారాలు కాకుండా టీఎస్‌హెచ్ చేయించడం డబ్బు దండగ. రెండు వారాలకే వచ్చేవాళ్లు ఉంటారు, సగం దారిలో ఉన్న అంకె చూసి కంగారు పడతారు.

పరీక్షకి ప్రతిసారీ ఒకే వేళకి రావాలి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున 7కీ ఇంకోసారి సాయంత్రం 4కీ ఇచ్చి రెండు రిపోర్టులూ పోల్చకూడదు. ఆ రోజు టాబ్లెట్ రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేకపోతే ఫ్రీ టీ4 (రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోను) కొన్ని గంటలపాటు ఎక్కువగా కనిపిస్తుంది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు తప్పకుండా చెప్పాలి. వాటిలో 5, 10 మిల్లీగ్రాములు ఉంటాయి. కొన్ని మెషీన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 లేనంత ఎక్కువగా వస్తుంది. కాగితం మీద హైపర్‌లా, అంటే గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, మనిషికి మాత్రం ఏమీ ఉండదు. కనీసం రెండు రోజుల ముందు ఆపి రండి. థైరాయిడ్ ఉన్నవాళ్లకి జుట్టు రాలడం మామూలే కాబట్టి ఈ మాత్రలు వాడేవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

టీ4 బాగుండి టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువగా ఉంటే, పరీక్షకి ముందు వారం మాత్రమే టాబ్లెట్ సరిగ్గా వేసుకున్నారేమో అని కూడా అనుమానించాలి. మీ అమ్మగారి విషయం అని కాదు, తరచుగా జరిగేది చెబుతున్నా.

కల్లుప్పు, నరసాపురం
అందరూ మందు గురించే మాట్లాడుతున్నారు, నేను మూలం గురించి అడుగుతానండీ. మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. మన ఉప్పు సముద్రం నీళ్ల నుంచి వచ్చిందే. ఇక ప్యాకెట్ ఉప్పులో అయొడిన్ కలిపి అమ్మడం ఎందుకు? అది కొండ ప్రాంతాల వాళ్ల అవసరం. ఈ ప్యాకెట్ ఉప్పు వచ్చాకే ఇంటింటికీ థైరాయిడ్ వచ్చిందని చాలామంది అంటారు.

పోషకాహారం, రాజమండ్రి
ఈ ప్రశ్న మన జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

లెక్క వేద్దాం. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములు, అయొడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. మడిలో నీళ్లు ఆవిరయ్యాక ఆ అయొడిన్ అంతా ఉప్పులోనే నిలిచిందనుకున్నా, 5 గ్రాముల ఉప్పుకి వచ్చేది 8, 9 మైక్రోగ్రాములు. నిజానికి అందులో చాలాభాగం మిగిలిపోయే చేదు నీళ్లతోనే పోతుంది. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 150, గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ 250. కాబట్టి మడి నుంచి నేరుగా వచ్చిన కల్లుప్పుతో అయొడిన్ తీరదు. సైంధవ లవణం కూడా అంతే.

డెల్టా నేల కూడా మనం అనుకున్నంత అనుకూలం కాదు. వరదలు వచ్చే నేలల్లో పైమట్టిలోని అయొడిన్ నీళ్లతో కొట్టుకుపోతుంది. నేలలో లేకపోతే ఆ నేల మీద పండిన బియ్యంలో, కూరల్లో, ఆ గడ్డి మేసిన గేదె పాలలో తక్కువే ఉంటుంది. గంగా బ్రహ్మపుత్ర డెల్టాలో అయొడిన్ లోపం రావడానికి కారణం ఇదే. అందుకే దేశంలో 1962లో హిమాలయ ప్రాంతాల కోసం మొదలైన గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) కార్యక్రమం తర్వాత దేశమంతటికీ విస్తరించి, 1992లో అయొడిన్ లోపాల నియంత్రణ కార్యక్రమం అయింది. తినడానికి అమ్మే ఉప్పులో అయొడిన్ ఉండి తీరాలన్న నిబంధన 2006 మే నుంచి అమల్లో ఉంది. ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలి.

15 పీపీఎం అంటే 5 గ్రాముల ఉప్పులో 75 మైక్రోగ్రాములు. మిగతా సగం పాలు, పెరుగు, గుడ్డు, చేప నుంచి రావాలి. చేపల్లో చెరువు బొచ్చె, శీలావతి కంటే సముద్రపు చేపల్లో, అంటే చందువా, వంజరం, కానాగంతల్లాంటివాటిలో అయొడిన్ ఎక్కువ. వారానికి రెండుసార్లు సముద్రపు చేప తినే ఇంటికి దిగులు లేదు. శాకాహారులకి మాత్రం ఉప్పే దిక్కు.

అయొడిన్ చాలలేదని ఉప్పు ఎక్కువ వేయడం తప్పు. రోజుకి 5 గ్రాములు దాటకూడదు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ నెలకి అయిపోతే తలకి రోజుకి 8 గ్రాములు పైనే పడుతోందన్నమాట, పచ్చళ్లలోదీ ఎండు చేపల్లోదీ వదిలేసి.

ఇక "అయొడిన్ ఉప్పు వల్లే థైరాయిడ్" అన్నదాంట్లో ఒక చిన్న నిజం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. చాలాకాలం లోపం ఉన్న జనంలో అయొడిన్ పెరిగినప్పుడు హషిమోటో రకం, అంటే ఒంటి రక్షణ కణాలే గ్రంథి మీద పడే జబ్బు, కాస్త పెరగడం చాలాచోట్ల గమనించారు. కానీ దానికి భయపడి అయొడిన్ మానేస్తే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ రెండూ ఒక తూకానికి రావు. అలాగే ఉప్పు ద్వారా వచ్చే మోతాదు వేరు, సముద్రపు నాచు మాత్రలు, అయొడిన్ చుక్కల మందులు వేరు. పెద్దవాళ్లకి రోజుకి 1,100 మైక్రోగ్రాములు పై హద్దు. నాచు మాత్రలు కొన్ని ఆ హద్దుని సులువుగా దాటిస్తాయి. మీ అమ్మగారు వాటి జోలికి వెళ్లకూడదు.

ఆశా కార్యకర్త, రాజోలు
ఉప్పులో అయొడిన్ ఉందో లేదో చూసే కిట్ మా దగ్గర ఉంటుందండీ. చెంచా ఉప్పు మీద రెండు చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే అయొడిన్ అంత ఎక్కువ. మీ ఊరి ఆశాని అడగండి, సంతలో కొన్న కల్లుప్పు మీద వేయించి చూడండి.

కల్లుప్పులో కూడా అయొడిన్ కలిపింది ప్యాకెట్లలో దొరుకుతుంది. కానీ దాన్ని కడగకూడదు. గళ్ల మీద పైపైన చల్లిందే కాబట్టి, మట్టి పోవాలని ఒక్క తొలుపు కడిగినా నీళ్లతో పోతుంది. తడి చెంచా పెట్టొద్దు. మూతలేని జాడీలో పొయ్యి పక్కన పెట్టొద్దు. శ్రావణంలో ఉప్పు నీరుకారిందంటే అయొడిన్ కూడా ఆ నీళ్లతో అడుగుకి దిగిందని అర్థం. పులుసు, పప్పుల్లో చివర్లో వేసుకుంటే ఇంకా మంచిది.

కల్లుప్పు, నరసాపురం
8 మైక్రోగ్రాముల లెక్క నాకు తెలీదు, ఒప్పుకుంటానండీ. కానీ ఆవకాయకి ప్యాకెట్ ఉప్పు వేస్తే పచ్చడి పాడవుతుంది కదా, దానికేమంటారు?

పోషకాహారం, రాజమండ్రి
ఆవకాయ పాడయ్యేది తడి తగిలితే, ఉప్పు తగ్గితే, నూనె పైకి తేలకపోతే. ఆ కాస్త అయొడిన్ దాన్ని ఏమీ చేయదు. కల్లుప్పు దంచి వేయడం మీ ఇంటి అలవాటైతే పచ్చడి వరకు అదే కానివ్వండి. రోజువారీ వంటకి, మజ్జిగకి మాత్రం అయొడిన్ ఉన్నదే వాడండి. ఆవకాయ అన్నం ఎక్కువ తినే ఇంట్లో ఉప్పంతా అయొడిన్ లేని వాటా నుంచే పోతోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

కర్రపెండలం, పెద్దాపురం
మా వైపు కర్రపెండలం, సగ్గుబియ్యం రెండూ ఎక్కువ. థైరాయిడ్‌కి కర్రపెండలం విషం అని వీడియోలు తిరుగుతున్నాయి. సజ్జలు, క్యాబేజీ, ఆవపెట్టిన కూరలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. పనసపొట్టు ఆవపెట్టి వండకుండా ఎలాగండీ?

పోషకాహారం, రాజమండ్రి
ఒక్కోటి ఒక్కోలా పనిచేస్తుంది, కలిపి భయపెట్టకూడదు.

కర్రపెండలంలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంది. ఒంట్లోకి వెళ్లాక అది థయోసయనేట్‌గా మారి, గ్రంథిలోకి అయొడిన్ వెళ్లే దారికి అడ్డం పడుతుంది. అయొడిన్ చాలినంత ఉన్న ఒంటికి దీనివల్ల పెద్దగా నష్టం లేదు. అయొడిన్ లేక, మూడు పూటలా అదే తిండి అయిన ఆఫ్రికా ప్రాంతాల్లోనే గాయిటర్ తెచ్చింది. తొక్క మందంగా తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. పచ్చిది తినకూడదు, నిప్పుల మీద కాల్చినదాంట్లో విషం పూర్తిగా పోదు. సగ్గుబియ్యం సంగతి వేరు. దుంపని తురిమి, పిండిని నీళ్లలో కడిగి తేర్చి, వేడి చేసి తయారు చేస్తారు కాబట్టి ఆ పదార్థం చాలావరకు పోతుంది. పాయసం నిక్షేపంగా తాగండి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి: పచ్చిగా కొరికినప్పుడు అందులోని ఎంజైము పనిచేసి థైరాయిడ్‌కి అడ్డుపడే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఉడికిస్తే ఎంజైము చాలావరకు చచ్చిపోతుంది. మనవాళ్లు క్యాబేజీ పచ్చిగా కిలోల్లెక్కన తినరు. మీ అమ్మగారికి క్యాబేజీ కూర తిరిగి పెట్టేయండి. రోజూ గ్లాసుల కొద్దీ పచ్చి రసాలు తాగే అలవాటు ఉంటే మాత్రం మానేయాలి.

ఆవపెట్టిన కూరలో చిత్రం ఏంటంటే, ఆవపిండిని పొయ్యి దింపాక పచ్చిగానే కలుపుతాం. ఆ ఘాటే ఎంజైము పనిచేసిందనడానికి గుర్తు. అయినా కూర మొత్తానికి పడేది ఒకటి రెండు చెంచాలు. నలుగురికి పంచితే లెక్కలోకి రాదు. పనసపొట్టు మానక్కర్లేదు.

సజ్జల దగ్గర మాత్రం కొంచెం ఆలోచించాలి. అందులో అడ్డుపడే పదార్థాలు వండినా పోవు. సూడాన్‌లో సజ్జలే ముఖ్యాహారమైన ఊళ్లలో, అయొడిన్ కూడా తక్కువైనచోట, గాయిటర్‌కి వాటి వాటా ఉందని తేలింది. వారానికి రెండు రొట్టెలు తింటే ఏమీ కాదు. చక్కెర జబ్బు ఉందని బియ్యం పూర్తిగా మానేసి మూడు పూటలా సజ్జలకి మారడం హైపోథైరాయిడ్ ఉన్నవాళ్లకి నేను చెప్పను. జొన్న, గోధుమ, దంపుడు బియ్యం మార్చి మార్చి తినండి.

సోయా గ్రంథిని పాడుచేయదు, టాబ్లెట్‌ని ఎక్కనివ్వదు. ఎడం పాటిస్తే చాలు.

కొబ్బరి తోట, అంబాజీపేట
కొబ్బరి అమ్మేవాణ్ణే చెబుతున్నానండీ, కొబ్బరి నూనెతో థైరాయిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఆయ్, పచ్చట్లో కొబ్బరి, కూరలో కొబ్బరి పాలు హాయిగా తినొచ్చు. కానీ హైపోథైరాయిడ్‌లో చెడ్డ కొలెస్ట్రాల్ ఎలాగూ పెరుగుతుంది. దాని మీద వంటంతా కొబ్బరి నూనెతో చేసి రోజూ రెండు చెంచాలు తాగమనడం న్యాయం కాదు.

ఎండోక్రైన్ వార్డు, కాకినాడ
చాలా బాగా చెప్పారు. నేను పొగాకు కలుపుతాను. లంక పొగాకు చుట్ట అయినా సిగరెట్ అయినా పొగలో ఆ థయోసయనేట్‌కి మూలమైన సయనైడ్ ఉంటుంది. గ్రేవ్స్ అనే హైపర్ రకం ఉన్నవాళ్లు పొగ తాగితే కళ్లు ముందుకి పొడుచుకొచ్చే జబ్బు ముదురుతుంది, చికిత్సకి కూడా సరిగ్గా లొంగదు. ఇంట్లో తాతగారు చుట్ట కాలుస్తుంటే ఆ పొగ కూడా వాళ్లకి మంచిది కాదు. జీవనశైలిలో ఏ ఒక్కటి మార్చాలని అడిగితే గ్రేవ్స్ వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

బరువు సంగతి కూడా నిజాయతీగా చెప్పాలి. హైపోథైరాయిడ్ వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులో ఉప్పూ నీరే ఎక్కువ. టీఎస్‌హెచ్ మామూలుకి వచ్చాక కూడా మిగిలే బరువు తిండిది, కదలకపోవడానిది. వారానికి 150 నిమిషాల గట్టి నడక గ్రంథిని బాగుచేయదు. కానీ నీరసం, కొలెస్ట్రాల్, మలబద్ధకం మూడింటికీ పనికొస్తుంది. బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో టీఎస్‌హెచ్ కాస్త పైకి ఉండి, బరువు తగ్గాక అదే దిగడం కూడా ఉంది. అందుకే 5, 6 అంకెలు చూడగానే మందు మొదలెట్టం. రెండు మూడు నెలలకి మళ్లీ చేయించి, యాంటీ టీపీవో (ఒంటి రక్షణ వ్యవస్థ గ్రంథి మీద పడుతోందా అని చూసే రక్తపరీక్ష) చూసి అప్పుడు తేలుస్తాం. 10 దాటితే మాత్రం సాధారణంగా మందు మొదలుపెడతాం.

వేమగిరి వాసి
మా చెల్లి కూడా 50 మైక్రోగ్రాములు వాడుతోందండీ, ఇప్పుడు రెండో నెల గర్భిణి. పీహెచ్‌సీలో ఐరన్, కాల్షియం ఇస్తామన్నారు. ఎలా సర్దాలి?

ఎండోక్రైన్ వార్డు, కాకినాడ
అమ్మగారి సంగతి తర్వాత చూద్దాం, చెల్లిగారిని రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముందునుంచీ మందు వాడేవాళ్లకి గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే డోసు 20 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. చాలామందికి వారానికి 7 బదులు 9 టాబ్లెట్లుగా మారుస్తాం. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడుకి తల్లి హార్మోనే ఆధారం. సగం గర్భం అయ్యేవరకు నెలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. "గర్భంలో మందులు మంచివి కాదు" అని ఎవరైనా మానమంటే వినొద్దు.

ఆశా కార్యకర్త, రాజోలు
వేళలు ఇలా పెట్టండి. లేవగానే థైరాయిడ్ టాబ్లెట్ నీళ్లతో. మధ్యాహ్నం అన్నంతో ఒక కాల్షియం. సాయంత్రం 5కి టీ లేకుండా ఐరన్. రాత్రి అన్నంతో రెండో కాల్షియం. ఐరన్, కాల్షియం కూడా ఒకదానికొకటి పడవు, కలిపి మింగించొద్దు. వికారం వల్ల లేవగానే వాంతులవుతుంటే టాబ్లెట్‌ని రాత్రికి మార్చొచ్చేమో డాక్టరుగారిని అడగండి. బిడ్డ పుట్టాక రెండో, మూడో రోజు మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేయమని మీరే అడగండి. లోపం ఉంటే రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే మెదడు దక్కుతుంది.

వేమగిరి వాసి
చాలా థాంక్సండీ. చెల్లి విషయం ఇవాళే మాట్లాడతాం. అమ్మకి రేపటి నుంచి 5:30కి టాబ్లెట్, 6:30కి కాఫీ, కాల్షియం మధ్యాహ్నానికి. గ్యాస్ టాబ్లెట్ గురించి డాక్టరుగారిని అడుగుతాం. ఇంకొక్కటి: కార్తీక సోమవారాలు రాత్రి నక్షత్రం చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. టాబ్లెట్ ఏం చేయాలి?

మందుల కొట్టు, అమలాపురం
గుక్కెడు నీళ్లతో పొద్దున వేసుకోవడానికి ఒప్పుకుంటే అంతకంటే మంచి ఖాళీ కడుపు ఉండదు. ఒప్పుకోకపోతే ఉపవాసం విడిచేటప్పుడు ముందు టాబ్లెట్, అరగంట నుంచి గంట ఆగి ఫలహారం. అదీ కుదరకపోతే తిన్న మూడు గంటలకి, పడుకునే ముందు. ఆ పూటకి పాలు, కాల్షియం మానండి. వేళ ఒక్కరోజు అటూ ఇటూ అయితే ఏమీ కాదు, వారం తర్వాత కూడా ఒంట్లో సగం మిగిలే మందు ఇది. మర్నాడు మామూలుగా 5:30కే వేసుకోవచ్చు.

ఉపవాసం రోజుల్లో సైంధవ లవణం వాడుకుంటారు కదా, ఆ నాలుగు సోమవారాలకీ పర్వాలేదు. నెలంతా దాన్నే కొనసాగించకండి.

రక్తపరీక్ష, భీమవరం
రేపు మొదలుపెడితే ఏడో వారంలో రండి. పొద్దున 7కి, టాబ్లెట్ వేసుకోకుండా, పాత రిపోర్టు తీసిన ల్యాబులోనే. సీసా చేతిలో తెచ్చుకుని రక్తం ఇవ్వగానే వేసుకోవచ్చు.